బోదె అంచున, వాలు నేలలో మినీ ట్రాక్టరుతో గడ్డి కొట్టాలంటే

వానలు పడ్డాక తోటలో గడ్డి నడుముదాకా లేస్తుంది. అప్పుడు బోదె (తోటలో నీళ్ళు పారే కాలువ) అంచు ఎక్కడుందో పైకి కనిపించదు. చదును మీద నాలుగు సాళ్ళు తిరిగిన ట్రాక్టరు అదే ఊపులో అంచుదాకా పోతుంది. కింద మట్టి ఉందనుకున్న చోట ఒట్టి గడ్డే ఉంటుంది. కోనసీమ కొబ్బరి తోటలైనా, ఏలూరు వైపు పామాయిల్ తోటలైనా, చేపల చెరువు గట్లైనా, మామిడి తోటల వాలులైనా ఈ ప్రమాదం ఒకటే.

15 నుంచి 28 హెచ్‌పీ లోపు చిన్న బండి, దాని వెనక నాలుగడుగుల లోపు స్లాషర్ (తిరిగే బ్లేడుతో గడ్డి కొట్టే పనిముట్టు) ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. గట్టిగా చెప్పదలచినది ఒకటే. ట్రాక్టరు ఎక్కడిదాకా పోవాలో ఇంజను స్టార్ట్ చేయకముందే నేల మీద గీత పడాలి. సీట్లో కూర్చుని కంటి అంచనాతో తేల్చుకోవలసిన విషయం కాదు అది. గీతకు అవతలి గడ్డి బ్రష్ కట్టర్‌ది, లేదంటే కొడవలిది.

ముందు కాలినడకన తిరగండి

గడ్డి కొట్టే ముందు రోజు, మంచు ఆరి వెలుగు బాగా ఉన్నప్పుడు మోకాలి కిందిదాకా వచ్చే బూట్లు వేసుకుని, ఒక గట్టి కర్ర తీసుకుని అంచు పొడవునా నడవండి. కర్రతో గడ్డిని కదిపాకే అడుగు వేయండి. రక్తపింజర మనిషి అలికిడికి పారిపోకుండా ఉన్నచోటే చుట్ట చుట్టుకుని పడి ఉంటుంది, అందుకే ఈ జాగ్రత్త.

వెతకాల్సినవాటిలో కొన్ని అందరికీ తెలిసినవే: రాళ్ళు, సీసాలు, తెగిన ఫెన్సింగు తీగ, డ్రిప్పు పైపులు, పాత బోరు కేసింగు, తీగలు అల్లుకుపోయి కనబడని కరెంటు స్తంభం స్టే వైరు, గోడలేని నేలబావి. వీటిలో తీసేయగలిగినవి తీసేయండి. తీయలేనివాటి పక్కన పొడవాటి పుల్ల పాతి చివర ఎర్ర గుడ్డ కట్టండి.

గట్టు లోపల ఏం జరుగుతోందో అంత తేలిగ్గా తెలియదు. డెల్టా నేలల్లో ఎండ్రకాయలు, పందికొక్కులు గట్టును లోపలినుంచి డొల్ల చేస్తాయి. పందికొక్కు కలుగు నోటి దగ్గర కొత్త మట్టి చిన్న కుప్పగా పోసి ఉంటుంది. ఆ కుప్ప చెమ్మగా, వదులుగా ఉంటే కలుగు ఇప్పుడు వాడకంలో ఉన్నట్టే. దాని చుట్టూ కర్ర మోపి ఒంటి బరువంతా వేయండి. కర్ర జానెడు దిగిందంటే అక్కడ ట్రాక్టరు చక్రం ఆగదు. అంచుకు సమాంతరంగా సన్నని బీట ఏదైనా సాగిందేమో కూడా చూడండి. నల్లరేగడిలో ఎండకు వచ్చే బీటలు వల అల్లినట్టు అన్ని వైపులకూ పోతాయి, వాటి సంగతి వేరు. బోదె వెంబడే ఒకటే గీతలా పోయిన బీట ఉందంటే, ఆ ముక్క అప్పటికే కాలువలోకి జారడం మొదలుపెట్టింది. మీ గీత ఆ బీటకు బాగా ఇవతల పడాలి.

సర్కారు కాలువ పక్కన పొలమైతే ఆ కాలువ చూసే లస్కరును అడగండి. గట్టు ఎక్కడ జారిందో, ఎక్కడ ఊట పడుతోందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంకో సంగతి, కాలువకు నీళ్ళు ఆపేసిన కొత్తలో గట్టు దగ్గరికి ట్రాక్టరు తీసుకుపోకండి. నీళ్ళు నిండుగా ఉన్నన్నాళ్ళూ ఆ నీటి బరువే గట్టును అవతలినుంచి ఆనుకుని నిలబెడుతుంది. నీళ్ళు ఒక్కసారిగా దిగిపోతే ఆ ఆసరా పోతుంది, మట్టిలో తడి మాత్రం అలాగే ఉంటుంది. గట్లు జారేది అప్పుడే.

వాలు కొలవండి

నాలుగడుగుల తిన్నని బద్ద, మేస్త్రీలు వాడే లెవెల్, ఒక టేపు ఉంటే చాలు. బద్ద ఒక కొసను వాలు పైవైపు నేలకు ఆనించి, రెండో కొసను గాలిలో లెవెల్‌కి తెచ్చి పట్టుకోండి. ఆ రెండో కొసనుంచి నేలకు ఎన్ని అంగుళాలుందో కొలవండి. ఎనిమిదిన్నర అంగుళాలు వస్తే వాలు 10 డిగ్రీలు, 13 అంగుళాలు వస్తే 15 డిగ్రీలు. 13 దాటిన చోట చిన్న ట్రాక్టరుకు పని లేదు. మీ బండి పుస్తకంలో అంతకంటే తక్కువ రాసి ఉంటే పుస్తకం మాటే వినండి.

కాలువ గట్లు, చెరువు గట్లు మామూలుగా ఎత్తు ఒకటికి అడ్డం ఒకటిన్నర, లేదా ఒకటికి రెండు వాలుతో కడతారు. అదే బద్దతో కొలిస్తే 32 అంగుళాలు, 24 అంగుళాలు వస్తాయి. అంటే ఒకటికి రెండు వాలు ఉన్న గట్టు కూడా 26 డిగ్రీల పైమాటే. గట్టు పక్క వాలు మీద ట్రాక్టరు నడపడం గురించి ఇక ఆలోచించనక్కర్లేదు. గట్టు పైన బాట వెడల్పుగా ఉంటే ఆ పైభాగం వరకే.

15 డిగ్రీలకే ఇంత భయమా అనేవాళ్ళుంటారు. లెక్క చూడండి. మీ బండి రెండు వెనక చక్రాల మధ్య 3 అడుగులు ఉందనుకోండి, బండి బరువు కేంద్రం నేలనుంచి 2 అడుగుల ఎత్తున ఉందనుకోండి. కదలకుండా నిలబడ్డ ఆ బండి పక్కకు దొర్లాలంటే 37 డిగ్రీలు ఒరగాలి. ఇప్పుడు 15 డిగ్రీల వాలుకు అడ్డంగా పోతున్నారు. పైవైపు చక్రం గడ్డిలో కనబడని ఆరంగుళాల చెదపుట్ట ఎక్కింది. ఒరుగు ఇంకో తొమ్మిదిన్నర డిగ్రీలు పెరిగింది. అదే సమయానికి కిందివైపు చక్రం ఆరంగుళాల గుంటలో దిగింది. ఇంకో తొమ్మిదిన్నర. మొత్తం 34 అయింది. మీరింకా స్టీరింగు తిప్పలేదు, వేగం సంగతి లెక్కలోకే రాలేదు. మలుపులో బండిని బయటికి తోసే బలం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది.

ముందు చక్రాలు పట్టుకుంటాయిలే అనుకోవద్దు. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతూ ఉంటుంది. బండి పక్కకు ఒరగడం మొదలయ్యాక, ఆ ఇరుసు దాని స్టాపరుకు తగిలేదాకా ముందు చక్రాలు చేసే సాయం ఏమీ లేదు.

బోదె దగ్గర గీత

బోదె లోతెంతో అంచునుంచి టైరు బయటి అంచుకు కనీసం అంత దూరం ఉండాలి. లోతు నీటి మట్టందాకా కాదు, అడుగున గట్టి నేల తగిలేదాకా కొలవాలి. గెడ దింపి చూస్తే బురద ఎంతుందో తెలుస్తుంది. నాలుగడుగుల లోతు బోదెకు నాలుగడుగులు ఇవతల. ఒడ్డు మట్టి విరిగితే బోదె అడుగునుంచి సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా పైకి విరుగుతుంది, ఈ దూరం అందుకే. తడి ఉన్నా, ఇసుక నేల అయినా, కలుగులు కనిపించినా ఒకటిన్నర రెట్లు చేయండి. నాలుగడుగుల బోదెకు ఆరడుగులు.

ఆ దూరంలో పది పదిహేను అడుగులకొకటి చొప్పున పుల్లలు పాతి గుడ్డపీలికలు కట్టండి, లేదా ఒక తాడు లాగండి. పుల్లలు గడ్డికంటే జానెడైనా పైకి కనబడాలి. కొబ్బరి తోటల్లో రెండు బోదెల మధ్య మిట్ట సన్నగా ఉన్నచోట రెండు వైపులా గీత గీస్తే మధ్యలో ట్రాక్టరు పట్టే చోటే మిగలకపోవచ్చు. అలా అయితే ఆ మిట్ట ట్రాక్టరుది కాదు.

ఎప్పుడు దిగాలి

ఎర్ర నేల, గరువు నేల వాన వెలిశాక రెండు మూడు ఎండలకు ఆరుతుంది. నల్లరేగడి పైన ఆరినట్టు కనిపించినా కింద జిగటగా ఉంటుంది, దానికి వారం పట్టినా ఆగండి. పాదంతో గట్టిగా తొక్కి చూడండి, మడమ గుర్తు పడి అందులో చెమ్మ మెరిస్తే ఆ రోజు వద్దు. పొద్దున్నే మంచు తడిలోనూ వాలు మీదికి పోవద్దు. పచ్చి గడ్డి మీద, అప్పుడే కోసిన గడ్డి పరుచుకున్న చోట టైరు పట్టు సగానికి సగం పోయినట్టే ఉంటుంది.

బండిని సిద్ధం చేయండి

అంతరకృషి కోసం చాలామంది వెనక చక్రాలను దగ్గరగా బిగించి ఉంచుతారు. గడ్డి పనికి రిమ్ములు తిప్పి బిగించి, బండి ఎంత వెడల్పు ఒప్పుకుంటే అంత వెడల్పు చేయించండి. గంట పని, పక్కకు పడే ప్రమాదం మీద దీని ప్రభావం చాలా ఎక్కువ. వెనక టైర్లలో నీళ్ళు పోయిస్తే బరువు కిందికి దిగుతుంది. రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో గేజీతో చూడండి, ఒకటి మెత్తగా ఉంటే చదును మీదే బండి అటు వాలి ఉంటుంది.

రెండు బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం తప్పక వేయండి. దుక్కిలో మలుపుల కోసం దాన్ని విప్పి అలాగే వదిలేయడం అలవాటు. వాలులో ఒక్క పెడల్ మీద కాలు పడితే ఒక్క చక్రమే ఆగుతుంది, బండి గిర్రున తిరిగి పక్కకు పడుతుంది.

రోల్ బార్ (బండి పడినా నడిపేవాడు నలగకుండా కాపాడే ఇనుప చట్రం) ఉన్న బండి అయితే దాన్ని నిలబెట్టి బెల్టు పెట్టుకోండి. కొమ్మలు తగులుతున్నాయని మడిచేస్తే అది ఉన్నా లేనట్టే. మడిచి ఉన్నప్పుడు, అసలు లేనప్పుడు బెల్టు పెట్టుకోకూడదు, బండితోపాటు కింద పడిపోతారు. స్వీడన్‌లో 1959 నుంచి కొత్త ట్రాక్టర్లన్నిటికీ ఈ రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ బోల్తా చావులు దాదాపు లేకుండా పోయాయి. రోల్ బార్ లేని బండిని నేనైతే వాలు మీదికి, బోదె దగ్గరికి పంపను.

స్లాషర్ సంగతి. అడుగు వెడల్పుకు సుమారు 5 హెచ్‌పీ లెక్కన చూసుకోండి. చెక్ చైన్లు బిగించండి, లేకపోతే వాలులో స్లాషర్ పక్కకు ఊగి బండిని తనవైపు లాగుతుంది. ముందూ వెనకా గొలుసుల తెర ఉండాలి, రాళ్ళను ఆపేది అదే. పీటీఓ షాఫ్టు (ఇంజను తిప్పుడును స్లాషర్‌కు అందించే కడ్డీ) మీద ప్లాస్టిక్ గొట్టం పగిలిపోయి ఉంటే మార్చండి. నిమిషానికి 540 తిరుగుళ్ళంటే సెకనుకు తొమ్మిది చుట్లు. లుంగీ కొస, కండువా, చీర చెంగు పట్టుకుందంటే చెయ్యి అడ్డం పెట్టేలోపే అయిపోతుంది. ప్యాంటు, ఒంటికి పట్టిన చొక్కా వేసుకోండి.

చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. ఒకే క్లచ్ ఉన్న బండ్లలో పీటీఓ, చక్రాలు రెండూ ఒకే గేర్‌బాక్సుతో ముడిపడి ఉంటాయి. మీరు క్లచ్ తొక్కితే ఇంజను విడిపోతుంది గానీ, జోరుగా తిరుగుతున్న స్లాషర్ బ్లేడు బరువు షాఫ్టు ద్వారా వెనక్కి గేర్‌బాక్సును తిప్పుతూ ఉంటుంది. క్లచ్ తొక్కే ఉన్నారు, అయినా బండి ముందుకు పోతూనే ఉంటుంది! చదును మీద అయితే రెండు గజాలు ఎక్కువ పోతుంది, అంతే. ఎదురుగా బోదె ఉంటే ఆ రెండు గజాలు చాలు. షాఫ్టుకూ బండికీ మధ్య బిగించే ఓవర్ రన్నింగ్ క్లచ్ దొరుకుతుంది. దాన్ని వేస్తే బ్లేడు తన దారిన తిరుగుతుంది, బండి మాత్రం ఆగుతుంది. మీ బండికి ఈ జబ్బు ఉందో లేదో చదునైన ఖాళీ చోట చూడండి. బ్లేడు పూర్తి వేగంలో ఉండగా, గేరులో నెమ్మదిగా పోతూ క్లచ్ తొక్కి ఎక్కడ ఆగుతుందో గమనించండి.

వాలు మీద నడిపే తీరు

వాలుకు అడ్డంగా కాకుండా నిలువుగా కొట్టండి. ముందుకు దిగుతూ కోయడం, ఖాళీగా పైకి రావడం. పైకి రావడానికి చుట్టూ చదును బాట ఉంటే అదే దారి. లేకపోతే పీటీఓ ఆపి, స్లాషర్‌ను నేలకు కాస్త పైన ఉంచి, రివర్సులో ఎక్కండి. వెనక స్లాషర్ బరువుతో ముందుకు ఎక్కుతుంటే ముందు చక్రాలు తేలిపోతాయి. అప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలితే బండి ముందుభాగం లేచి వెనక్కి తిరగబడుతుంది. అదంతా రెండు సెకన్లలోపే జరిగిపోతుంది, తేరుకునే వ్యవధి ఉండదు.

దిగడం మొదలుపెట్టకముందే, పైన చదును మీద లో గేరు వేసుకోండి. వాలు మధ్యలో గేరు మార్చవద్దు, న్యూట్రల్ చేయవద్దు, క్లచ్ తొక్కవద్దు. బండిని పట్టి ఉంచేది ఇంజనే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే వేయండి. సాధారణంగా చిన్న బండ్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, ఫోర్ వీల్ వేస్తే ఆ పట్టు ముందు చక్రాలకూ చేరుతుంది.

వాలు కింద బోదె ఉంటే, బోదె లోతుకు తోడు ఇంకో ట్రాక్టరు పొడవంత చదును ఉన్నచోటే ఇలా దిగాలి. అంత చోటు లేకపోతే కింది భాగం వదిలేయండి.

వాలు మీద మలుపు తిప్పకుండా ఉంటే మంచిది. తప్పనప్పుడు వేగం పూర్తిగా తగ్గించి, వెడల్పుగా, కిందివైపుకు తిప్పండి. బండి తేలుతున్నట్టు అనిపించినా స్టీరింగు కిందివైపుకే తిప్పి స్లాషర్‌ను నేలమీదికి దింపండి. పైవైపుకు తిప్పితే పడటం ఖాయం. రోల్ బార్, బెల్టు ఉండి బండి పడిపోతుంటే దూకవద్దు, స్టీరింగు గట్టిగా పట్టుకుని సీట్లోనే ఉండండి. దూకినవాళ్ళు దూకేది బండి పడే వైపుకే.

మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోనివ్వవద్దు. మారాం చేస్తున్నాడని పిల్లవాణ్ణి ఎక్కించుకోవడం మన ఊళ్ళలో మామూలే, స్లాషర్ ఉన్న రోజు మాత్రం వద్దు. మిగతా మనుషులు, పశువులు కనీసం 50 మీటర్ల అవతల ఉండాలి.

అంచు దగ్గర

చదును మధ్యనుంచి మొదలుపెట్టి గీతవైపు జరుగుతూ రండి. గడ్డి పోతూ ఉంటే అంచు తేరుకుని కనబడుతుంది, చివరి సాలుకు వచ్చేసరికి ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆ సాలులో తల వెనక్కి తిప్పి స్లాషర్‌ను చూస్తూ నడపకండి, చూపు ముందు టైరుకూ పుల్లకూ మధ్య ఉండాలి. పక్కకు జరిగే స్లాషర్ అయితే బోదెవైపు జరిపి బిగిస్తే, టైరు గీత ఇవతలే ఉండి బ్లేడు ఇంకో అడుగు అవతలి గడ్డిని అందుకుంటుంది. ఇది చదును అంచున మాత్రమే. వాలు మీద బరువు ఎప్పుడూ పైవైపే ఉండాలి.

ఎత్తు నాలుగంగుళాలు వదలండి. నేలకు అంటించి గీకేస్తే గరిక, తుంగ వేళ్ళు పట్టిన మట్టి వదులై మొదటి పెద్ద వానకే బోదెలో కలుస్తుంది. చూడ్డానికి నున్నగా ఉంటుందని గట్టును బోడి చేయించేవాళ్ళను చూస్తే బాధేస్తుంది, ఆ మట్టిని మళ్ళీ పూడిక తీసి పైకి వేయాల్సింది వాళ్ళే.

కిరాయి బండి పిలిస్తే చదును భాగానికి ఎకరం లెక్కన, అంచు భాగానికి గంట లెక్కన మాట్లాడుకోండి. ఎకరం లెక్క అయితే డ్రైవరు త్వరపడతాడు, తప్పు అతనిది కాదు. పని మొదలుకాకముందే అతన్ని వెంటబెట్టుకుని గీత పొడవునా నడిపించి, "బాబూ, ఈ పుల్లలు దాటొద్దు. గడ్డి మిగిలినా ఫర్వాలేదు, మేం చేత్తో కోసుకుంటాం" అని చెప్పండి. ఆ మాట యజమాని నోట వింటేనే అతను నిజంగా వదిలేస్తాడు.

చక్రం దిగబడితే

రైజ్ చేయకండి. పీటీఓ ఆపి, స్లాషర్ దించి, బ్రేకు వేసి, ఇంజను ఆపి, బోదె లేని వైపునుంచి, అంటే ఎత్తుగా ఉన్న వైపునుంచి దిగండి. చక్రానికి దుంగ కట్టి బయటికి తీయడం మన దగ్గర చాలాచోట్ల చూస్తాం. దుంగ చక్రాన్ని తిరగనివ్వకపోతే ఆ బలమంతా ముందుభాగాన్ని పైకి లేపుతుంది, బండి నడిపేవాడి మీదికే తిరగబడుతుంది. ఇంకో పెద్ద ట్రాక్టరు తెప్పించి, గొలుసును కింద ఉన్న హిచ్‌కే తగిలించి, బోదెకు దూరంగా లాగించండి. పైన టాప్ లింకు చోట ఎప్పుడూ తగిలించవద్దు. గొలుసు దగ్గర ఎవరూ నిలబడకూడదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108కి ఫోను చేయండి, బండి సంగతి తర్వాత.

మిగిలిన గడ్డి

గీత అవతలి పట్టీని బ్రష్ కట్టర్‌తో కొట్టండి. ముఖానికి జాలీ, కాళ్ళకు బూట్లు ఉండాలి. వాలు మీద పక్కకు నడుస్తూ, పాదం నిలదొక్కుకుంటూ పోవాలి. కిందివైపు ఎవరూ ఉండకూడదు. తూటికాడ, జమ్ము లాంటివి నీటి అంచున ఉంటే కొడవలితో కోసి గట్టు మీదికి లాగడమే సులువు. కోసిన గడ్డిని బోదెలో వదిలేయకండి, అది కొట్టుకుపోయి తూము దగ్గర అడ్డం పడుతుంది. ఆ నీళ్ళు వెనక్కి తన్ని మీరు ఇప్పుడు కాపాడుకున్న గట్టునే నానబెడతాయి.

బండిని చదును మీద నిలిపి, బ్లేడు పూర్తిగా ఆగాకే దిగండి. పీటీఓ ఆపినా అది కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. కిందికి వంగి బ్లేడు బోల్టులు చూడాలంటే తాళం తీసి జేబులో వేసుకుని, స్లాషర్ కింద చెక్క దిమ్మలు పెట్టాకే.

పాతిన పుల్లలు పీకేయకండి. వానాకాలం పోయాక టేపు తీసుకుని ప్రతి పుల్లనుంచి అంచుకు ఎంత ఉందో మళ్ళీ కొలవండి. పోయినసారి నాలుగడుగులున్న చోట ఇప్పుడు మూడే ఉంటే, అక్కడ ఒడ్డు అడుగు విరిగిపోయిందన్నమాట. ఆ పుల్లను ఒక అడుగు ఇవతలికి మార్చి పాతండి.